పాత ఇంట్లో ఇరుకు బాత్రూమ్: పగలగొట్టే ముందు నుంచి తలుపు బిగించే దాకా

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇల్లు 1986లో కట్టింది. మామయ్యగారు దగ్గరుండి కట్టించారు, గోడలు గట్టివి, తలుపులు టేకువి, దేనికీ వంక పెట్టలేం, బాత్రూములకు తప్ప. ఆ రోజుల్లో అందరి ఇళ్లలో లాగే పక్కపక్కన రెండు చిన్న గదులు. మూడడుగుల వెడల్పులో ఇండియన్ లెట్రిన్, దాని పక్కన నాలుగడుగుల స్నానాల గది, అందులో సగం సిమెంటు నీళ్ల తొట్టే. గోడలకి మూడడుగుల దాకా తెల్ల టైల్స్, ఆ పైన సున్నం, కింద నల్లబడిపోయిన మొజాయిక్ గచ్చు. కింద పోర్షన్‌లో ఒక జత, మేడ మీద ఇంకో జత.

పైది రెండుసార్లు చేయించాను. మొదటిసారి నేను చేసిన తప్పేంటంటే అందరికంటే ముందు టైల్స్ షాపుకి వెళ్లడం. నచ్చినవి కొనేసి, "పాత టైల్స్ మీదే అంటించేద్దాం మేడం, పగలగొడితే దుమ్మూ ఖర్చూ" అన్న మేస్త్రీ మాట విని, వారంలో పని ముగించుకుని చుట్టాలందరికీ ఫోటోలు పంపాను. ఏడాదిన్నర తిరిగేసరికి కింద హాల్లో సీలింగ్ మీద చెమ్మ మచ్చ, తర్వాత పెచ్చులు, ఆ తర్వాత అత్తయ్యగారి దివాన్ మీద చుక్క చుక్క. తుప్పు పట్టిన జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు), ఎప్పుడో పోయిన వాటర్ ప్రూఫింగ్ కొత్త టైల్స్ కింద అలాగే ఉన్నాయి మరి. మళ్లీ మొత్తం పగలగొట్టాం. ఇక్కడ రాసేదంతా ఆ రెండోసారి, ఆ తర్వాత కిందది చేయించినప్పుడు నేర్చుకున్నదే. టైల్స్ సంగతి చాలా కిందికి వెళ్తే గానీ రాదు, ముందే చెప్తున్నా.

ముందు ఒక వారం ఊరికే గమనించండి

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి, మధ్యలో ఎక్కడ తప్పించుకుంటున్నాయి, ఈ మూడూ తెలియకుండా సుత్తి పట్టొద్దు. రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి, ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటి మట్టానికి గుర్తు పెట్టండి. పొద్దున్నే చూస్తే మట్టం తగ్గిందనుకోండి, సప్లై పైపో ఫ్లష్ ట్యాంకో కారుతున్నట్టు. మట్టం అలాగే ఉండి, అందరి స్నానాలూ అయ్యాక మాత్రం కింద మచ్చ ముదురుతుంటే అది ఫ్లోర్ తప్పో డ్రైనేజీ తప్పో అయ్యుంటుంది. తేల్చుకోవడానికి ఇంకో చిట్కా ఉంది. నీళ్లు పోయే తూముని గుడ్డతో గట్టిగా బిగించి, గచ్చు మీద ఒక ఇంచు ఎత్తున నీళ్లు నిలబెట్టి, బట్టలకి వాడే నీలిమందు కలిపి వదిలేయండి. కింద మచ్చలో నీలం కనబడితే ఫ్లోరే కారుతోంది. కనబడకపోతే గుడ్డ తీసి ఆ నీళ్లన్నీ పైపులోకి వదిలి మళ్లీ చూడండి.

బయట మురుగు పైపులు కలిసే చాంబర్ మూత కూడా తీయించి చూడండి. పైన ఒక బకెట్ నీళ్లు గుమ్మరిస్తే అవి చాంబర్‌లోకి ధారగా రావాలి, ఆగి ఆగి వస్తే మధ్యలో ఎక్కడో పూడుకుపోయినట్టే. మాది ముప్పై ఏళ్ల నాటి మట్టి పైపు, కరివేపాకు చెట్టు వేళ్లు లోపలికి దూరిపోయాయి. అది మార్చకుండా లోపల ఎంత సోకు చేసినా ఏం లాభం?

తర్వాత టేపు పట్టుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు, తలుపు, కిటికీ, గది బయట ఫ్లోర్ మట్టం, అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. మూల నుంచి మూలకి ఐమూలగా రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ సమానంగా రాకపోతే గది వంకరగా ఉన్నట్టు, పాత ఇళ్లలో దాదాపు అన్నీ అంతే. మా పై బాత్రూమ్‌లో ఒక చివర నుంచి ఇంకో చివరకి ఒకటిన్నర ఇంచు తేడా వచ్చింది. టైల్స్ వేసేటప్పుడు ఇది నెత్తి మీదికొస్తుంది, ఇప్పుడే తెలిస్తే ప్లాస్టరింగ్‌లో సర్దుకోవచ్చు.

రెండు గదులూ కలపొచ్చా?

ఇరుకు లెట్రిన్, ఇరుకు స్నానాల గది పక్కపక్కన ఉంటే మధ్య గోడ తీసెయ్యడమే అన్నిటికంటే పెద్ద లాభం. మాకు అలా 4 బై 7 పైచిలుకు గది వచ్చింది. కాకపోతే ఆ గోడ మందం ముందు కొలవండి. ప్లాస్టరింగ్‌తో కలిపి అయిదారు ఇంచులుంటే అది నాలుగున్నర ఇంచుల అడ్డుగోడ, సాధారణంగా బరువు మొయ్యదు. తొమ్మిదించుల గోడైతే, అందులోనూ పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబ్ వేసిన ఇల్లైతే, మేస్త్రీ ఎంత ధైర్యం చెప్పినా స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిచి చూపించకుండా ముట్టుకోవద్దు. అడ్డుగోడ విషయంలో కూడా ఒకటి చూడాలి, పైన అటక ఉందా, ఆ అటక ఈ గోడ మీద ఆనుకుందా అని. మా ఇంట్లో ఆనుకుంది. ముందు అటక తీశాం, తర్వాతే గోడ. ఆ అటక మీద నుంచి మామయ్యగారి రాగి బాయిలర్, రెండు విరిగిన ఫ్యాన్లు, 1994 నాటి క్యాలెండర్ల కట్ట దిగాయి, అది వేరే కథ.

పెరట్లో బాత్రూమ్‌కి పాత సిమెంటు రేకులు ఉంటే వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి హాని. కొయ్యొద్దు, పగలగొట్టొద్దు, నీళ్లు చల్లి తడిపి, బోల్టులు విప్పి, ముక్క కాకుండా దింపించండి.

4 బై 7లో ఏది ఎక్కడ

పొడిగా ఉండేది తలుపు దగ్గర, తడిసేది చివర. అంటే ముందు వాష్ బేసిన్, మధ్యలో కమోడ్, కిటికీ వైపు చివర స్నానం. తలుపు పొడవు గోడ మధ్యలో ఉంటే కొంచెం మార్చుకోవాల్సి వస్తుంది గానీ లెక్క ఇదే. కమోడ్ మధ్య గీత నుంచి పక్క గోడకి గానీ బేసిన్‌కి గానీ కనీసం 15 ఇంచులు ఉంచండి, లేకపోతే మోచేతులు కొట్టుకుంటాయి. ముందు వైపు 21 ఇంచులకి తగ్గితే కూర్చుని లేవడం కష్టం.

ఇక్కడ చాలామంది గోడకి వేలాడే కమోడ్ పెడితే జాగా కలిసొస్తుందని అనుకుంటారు. నేనూ అనుకున్నాను. లెక్క వేస్తే తేలిందేంటంటే, మామూలు వన్ పీస్ కమోడ్ గోడ నుంచి 27 ఇంచులు ముందుకొస్తుంది, 48 ఇంచుల గదిలో 21 మిగులుతుంది. వేలాడేది 20 ఇంచులే, కానీ దాని ట్యాంకు గోడలో దాక్కోవాలి కదా, దానికోసం అయిదు ఇంచుల దిమ్మె కట్టాలి. అంటే 25. మిగిలేది 23. రెండించుల కోసం అంత ఖర్చు, పైగా రేపు ట్యాంకు లోపల వాషర్ పోతే చిన్న కిటికీలోంచి చెయ్యి పెట్టి వెతకడం. కింద తుడవడానికి బాగుంటుంది, ఒప్పుకుంటా. పైన మాత్రం వద్దనుకున్నాం. ట్యాంకు కోసం బరువు మోసే గోడని తొలవడం అసలే వద్దు.

తలుపు లోపలికి తెరుచుకుంటుంటే బయటికి తిప్పించండి. జాగా కోసం మాత్రమే కాదు, లోపల ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే లోపలికి తెరిచే తలుపు వాళ్లకే అడ్డం పడి తెరుచుకోదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఒక్క మార్పైనా చేయించండి.

సిమెంటు తొట్టి తీసెయ్యాలా వద్దా అని మా ఇంట్లో నెల రోజులు చర్చ జరిగింది. నీళ్లు రాని రోజున ఏం చేస్తారు అని అత్తయ్యగారి ప్రశ్న. తొట్టి తీసేసి, బదులుగా పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము పట్టేంత మూల వదిలి, దాని మీద ఒక కుళాయి పెట్టాం. రాజీ కుదిరింది.

కొనే వరుస

మొదట కమోడ్. దాని డబ్బా ఇంట్లో ఉన్నాకే ప్లంబర్ పైపు వెయ్యాలి. మురుగు నేలలోకి పోయేది ఎస్ ట్రాప్, గోడలోకి పోయేది పి ట్రాప్. ఎస్ ట్రాప్‌లో మళ్లీ గోడ నుంచి పైపు మధ్యకి 4 ఇంచులు, 9 ఇంచులు, 12 ఇంచులు అని రకాలుంటాయి. ఈ కొలత పూర్తయిన గోడ నుంచి, అంటే టైల్ అంటించాక ఉండే గోడ నుంచి. ప్లాస్టరింగ్ పీకేసిన ఇటుక గోడ నుంచి 9 ఇంచులు కొలిచి పైపు వేసేస్తే, ప్లాస్టరింగ్, గమ్ము, టైల్ కలిపి ఒకటింపావు ఇంచు ముందుకొచ్చాక కమోడ్ కూర్చోదు. మా కింది బాత్రూమ్‌లో ప్లంబర్ సరిగ్గా ఇదే చెయ్యబోయాడు, టేపు నా చేతిలో ఉండబట్టి ఆగింది.

తర్వాత షవర్, కుళాయిల సంగతి. ఇందులో అందం కంటే ముందు నీటి ఒత్తిడి చూసుకోవాలి. నీటి మట్టం షవర్ కంటే పదడుగులు ఎత్తులో ఉంటే వచ్చే ఒత్తిడి 0.3 బార్ మాత్రమే. మేడ మీద బాత్రూమ్‌కి ట్యాంకు నెత్తి మీదే ఉంటుంది, అక్కడ ఆరేడు అడుగులకి మించి ఎత్తు దొరకదు, అంటే 0.2 బార్. షోరూంలో ఝల్లున కురిసే పెద్ద రెయిన్ షవర్ కింద పంపు నడుస్తుంటుంది, మన ఇంట్లో అది చినుకులు రాలుస్తుంది. ప్రెషర్ పంపు పెట్టే ఉద్దేశం లేకపోతే చిన్న మామూలు షవర్, చేతి షవర్ చాలు. ఎలాగూ మనలో సగం మందికి బకెట్టూ చెంబూ లేకపోతే స్నానం చేసినట్టుండదు.

బోరు నీళ్లయితే గ్లాస్ పార్టిషన్ మానేయండి. ఉప్పు మరకలు తుడవడమే ఒక ఉద్యోగం అవుతుంది. నాలుగడుగుల గదిలో అది పైగా అడ్డం.

పగలగొట్టడం

ఇంట్లో రెండు బాత్రూములుంటే ఒకదాని తర్వాత ఒకటి. ఒక్కటే ఉంటే ముందే పక్కింటివాళ్లతో మాట్లాడుకోండి, మొహమాటపడితే కుదరదు. సుత్తి పడే ముందు చెయ్యాల్సిన మొదటి పని, కమోడ్ పైపు నోటికీ నీటి తూముకీ గోనె గుడ్డ కుక్కి, పైన పాలిథిన్ కట్టించడం. ఒక్క ఇటుక ముక్క పైపులో పడినా మెయిన్ లైన్ దాకా ఇబ్బందే. రెండోది, ఆ గదికి పోయే కరెంటు లైను బోర్డు దగ్గరే తీయించడం.

గోడల మీద టైల్స్‌తో పాటు ప్లాస్టరింగ్ కూడా ఇటుక కనబడే దాకా కొట్టించాలి. పాత ప్లాస్టరింగ్ చేత్తో గీకితేనే ఇసుక రాలుతుంటుంది, దాని మీద బరువు టైల్ నిలవదు. పై కప్పు కూడా చూడండి. స్లాబ్ పెచ్చులు ఊడి ఇనుము కనబడుతుంటే తుప్పు గీకి, కడ్డీకి తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ మాలుతో పూడ్చాలి. కడ్డీ సన్నబడి పొరలు పొరలుగా లేస్తుంటే అది మేస్త్రీ పని కాదు, ఇంజనీర్ చూడాల్సిందే.

ఇంకో పెద్ద పని సన్కెన్ తవ్వడం. మేడ మీద బాత్రూమ్ కింద స్లాబ్‌ని ఒక అడుగు, ఇండియన్ లెట్రిన్ ఉన్న చోట అడుగున్నర దాకా లోతుగా పోసి, అందులో పైపులు పరిచి, ఇసుకా ఇటుక ముక్కలూ నింపేవారు. మాది తవ్వితే లోపలంతా నల్లటి బురద. ముప్పై ఏళ్లుగా కారిన నీళ్లు అక్కడే నిలిచి ఉన్నాయి. 4 బై 7 గదిలో అడుగున్నర లోతంటే 42 ఘనపుటడుగులు, తడిసిన ఇసుక అయితే సుమారు రెండు టన్నులు. అంత బరువు హాల్లో మా నెత్తి మీద ఉందని అప్పుడు తెలిసింది. తిరిగి నింపేటప్పుడు ఏఏసీ బ్లాకు (లోపల గాలి బుడగలుండే తేలికైన సిమెంటు ఇటుక) ముక్కలు వాడాం, బరువు దాదాపు మూడో వంతుకి దిగింది.

శిథిలాలు సిమెంటు సంచుల్లో సగం సగం నింపి దించమనండి, నిండుగా నింపితే మోసేవాళ్ల నడుములు పోతాయి. రోడ్డు పక్కన, కాలవలో పోయించొద్దు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి జీడిమెట్ల, ఫతుల్లాగూడలో నిర్మాణ వ్యర్థాల ప్లాంట్లు ఉన్నాయి, మిగతా ఊళ్లలో మున్సిపాలిటీని అడిగి ట్రాక్టర్ మాట్లాడుకోండి.

పైపులు

జీఐ పైపు బయటికి బాగానే కనబడుతుంది. మాది కోసి చూస్తే అర ఇంచు పైపులో పెన్సిల్ దూరేంత దారి కూడా లేదు, మిగతాదంతా తుప్పు. "పై నుంచి వచ్చే మెయిన్ బాగానే ఉంది, అక్కడ్నుంచి కొత్తది కలుపుదాం" అంటారు. ఒప్పుకోకండి, ట్యాంకు దాకా మార్చండి. వేణ్నీళ్ల లైనుకి సీపీవీసీ (వేడి తట్టుకునే ప్లాస్టిక్ పైపు), చన్నీళ్లకి సీపీవీసీ అయినా యూపీవీసీ (మామూలు గట్టి ప్లాస్టిక్ పైపు) అయినా పర్లేదు. ఏ పైపుకి ఆ పైపు సాల్వెంటే వాడాలి, ఒకే డబ్బాతో రెండూ అంటించేస్తుంటే ఆపండి.

ప్రతి బాత్రూమ్‌కి విడిగా ఒక స్టాప్ కాక్, అది కూడా గది బయట. ఏదైనా విరిగితే ఇల్లంతా నీళ్లు కట్టక్కర్లేదు. కమోడ్, బేసిన్, గీజర్ దగ్గర యాంగిల్ కాక్స్ ఎలాగూ ఉంటాయి. బకెట్ కుళాయి ఫ్లోర్ నుంచి 24 ఇంచులు ఉంటే పెద్ద బకెట్ కిందికి సుఖంగా పోతుంది. వేణ్నీళ్లు ఎడమ, చన్నీళ్లు కుడి.

మురుగు వైపు కమోడ్‌కి 110 మిల్లీమీటర్ల పైపు, స్నానం నీళ్లకి 75. రెండూ విడివిడిగా బయటికెళ్లాలి. కమోడ్ పైపుకి పదడుగులకి ఒకటిన్నర నుంచి రెండించుల వాటం (వాలు) ఉండాలి. అందుకే కమోడ్‌ని పాత లెట్రిన్ చోటుకి దగ్గర్లోనే ఉంచమంటా, ఆ మూల నుంచి ఈ మూలకి జరిపితే వాటం కోసం ఫ్లోర్ లేపాల్సి వస్తుంది. నహానీ ట్రాప్ (గచ్చు మీద నీళ్లు పోయే తూము కింద పెట్టేది) కొనేటప్పుడు లోపల నీళ్లు 50 మిల్లీమీటర్ల లోతు నిలిచేది తీసుకోండి. పాత ట్రాపుల్లో నీళ్లు అంతగా నిలవవు, వాసనలూ బొద్దింకలూ వచ్చే దారి అదే. గోడ వెంబడి పైకి పోయే గాలి పైపుని మాత్రం అందం కోసం కోసెయ్యనివ్వకండి.

పైపులు పరిచాక గాడులు పూడ్చే ముందు రెండు పనులున్నాయి. ప్లంబర్ల దగ్గరుండే టెస్టు పంపుతో పైపుల్లో నీటి ఒత్తిడి ఎక్కించి రాత్రంతా వదిలేయాలి, పొద్దున దాని మీటర్ ముల్లు దిగకూడదు. అలాగే ప్రతి గోడకీ టేపు ఆనించి, ఏ పైపు మూల నుంచి ఎన్ని ఇంచుల్లో ఉందో కనబడేలా ఫోటో తీయాలి. ఆ ఫోటోల పుణ్యమా అని తర్వాత టవల్ రాడ్ బిగించేటప్పుడు డ్రిల్లు పైపులో దిగకుండా తప్పించుకున్నాం.

వాటర్ ప్రూఫింగ్

డబ్బులు తగ్గించుకోవాలనుకుంటే ఎక్కడైనా తగ్గించండి, ఇక్కడ వద్దు. సన్కెన్ శుభ్రంగా కడిగి ఆరబెట్టి, పగుళ్లు పూడ్చి, గోడా స్లాబూ కలిసే మూలలన్నీ మాలుతో గుండ్రంగా మెత్తించాలి. పదునుగా ఉన్న మూలలో పూత చీలిపోతుంది. పైపు స్లాబ్‌లోంచి బయటికెళ్లే చోట మామూలు సిమెంటు చాలదు, ఆరినా కుంచించుకుపోని గ్రౌట్ (సందులు పూడ్చే మాలు) పొయ్యాలి. ఆ తర్వాత పొడీ ద్రవం కలిపే రెండు భాగాల పాలిమర్ పూత, మొదటి కోటు అడ్డంగా, ఆరాక రెండోది నిలువుగా. గోడల మీదికి ఒక అడుగు, స్నానం చేసే మూలలో మాత్రం తల ఎత్తు దాకా.

పూత ఆరాక నీళ్లు నిలబెట్టి 48 గంటలు వదలాలి. ఇక్కడే మేస్త్రీకీ నాకూ పేచీ వచ్చింది.

"మేడంగారూ, రెండు రోజులు మనుషులు ఖాళీగా కూచోవాలి. నేను చెప్తున్నాగా, చుక్క దిగదు."

"దిగకపోతే మంచిదేగా మేస్త్రీగారూ. ఈ రెండ్రోజులూ కింద వరండా గచ్చు చూడండి, కూలీ నేనిస్తా."

గోడ మీద సుద్దతో నీటి మట్టం గీత గీశాను. రెండో రోజు పొద్దున చూస్తే నీళ్లు గీతకి అర ఇంచు కింద ఉన్నాయి, ఎండకి ఆరిపోయేంత కాదది. టార్చి వేసి వంగి చూశాం. కమోడ్ పైపు చుట్టూ ఒక వెంట్రుక మందం పగులు, దాని పక్కనుంచి ఆగి ఆగి చిన్న బుడగ పైకి లేస్తోంది. మేస్త్రీ ఏం మాట్లాడలేదు, నీళ్లు తోడేసి ఆ చుట్టూ మళ్లీ తవ్వి, గ్రౌట్ పోసి, రెండు కోట్లు వేశాడు. మళ్లీ 48 గంటలు. ఈసారి గీత మీదే ఉంది.

నింపే ముందు సన్కెన్ అడుగు నుంచి బయటి గోడలోకి సన్నటి పైపు ఒకటి పెట్టించండి. ఎప్పుడైనా నీళ్లు లోపలికి దిగితే అక్కడ చుక్కలు కనబడతాయి, హాల్లో కాదు. నింపి, పైన కాంక్రీటు పోసి, టైల్స్ వేసే ముందు దాని మీద కూడా ఒకసారి పూత వెయ్యాలి. నేల మీద బాత్రూమ్ అయితే సన్కెన్ గొడవ లేదు, మట్టి బాగా తడిపి దిమ్మిస కొట్టించి కాంక్రీటు వేస్తే చాలు. గోడల్లోకి చెమ్మ ఎక్కకుండా పూత మాత్రం దానికీ కావాలి.

వాటం, టైల్స్

బాత్రూమ్ ఫ్లోర్ బయట గది కంటే అర ఇంచైనా కిందుండాలి, మధ్యలో గ్రానైట్ గడప. లోపల అయిదడుగులకి ముప్పావు ఇంచు వాటం చాలు. ఇంకా ఎక్కువైతే పెద్దవాళ్లు జారతారు, తక్కువైతే నీళ్లు నిలుస్తాయి. తూము స్నానం చేసే మూలలో, గోడకి దగ్గరగా. ఫ్లోర్ మీద ఒక అడుగు టైలో అంతకంటే చిన్నదో వాడండి. రెండడుగుల టైల్‌ని నాలుగు వైపుల నుంచి తూము వైపు వంచలేరు, మధ్యలో కోసి అతకాల్సొస్తుంది. గరుకుగా ఉండే మ్యాట్ రకమే తీసుకోండి, షాపులో చెప్పు విప్పి తడి కాలితో తొక్కి చూడటానికి సిగ్గుపడొద్దు.

గోడ టైల్స్ లెక్క ఇలా వేస్తాం. 4 బై 7 గది చుట్టుకొలత 22 అడుగులు, ఏడడుగుల ఎత్తుకి 154 చదరపుటడుగులు. తలుపు తీసేస్తే 136. వృథా పది శాతం కలిపితే 150. ఫ్లోర్‌కి 28, దాని మీద పది శాతం. గది వంకరగా ఉంటే ఇంకొంచెం కలపండి. ఒకే బ్యాచ్ నంబరున్న డబ్బాలేనా అని దించుకునేటప్పుడే చూసుకోండి, గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే సరుకులో ఒకే డిజైన్ రెండు బ్యాచ్‌ల్లో రంగు తేడా ఉండటం మామూలే.

విట్రిఫైడ్ టైల్ నీళ్లు పీల్చదు, అర శాతం లోపే. అందుకే సిమెంటు పాలతో అంటిస్తే కొన్నాళ్లకి ఊడొస్తుంది, దానికి టైల్ గమ్ము వాడాల్సిందే. గమ్ముని పళ్లున్న తాపీతో గీతలు పడేలా పరిచి టైల్ అదమాలి, అయిదు చోట్ల ముద్దలు పెట్టి అంటిస్తే వెనక అంతా డొల్ల. మర్నాడు రూపాయి బిళ్లతో ఒక్కో టైల్ మీదా కొట్టి వినండి, డొల్ల మోతొస్తే సుద్దతో ఇంటూ పెట్టి అప్పుడే పీకించండి. వరస మొదలెట్టేది కింద నుంచి కాదు, రెండో వరసకి పట్టీ కట్టి అక్కడ్నుంచి పైకి వేసి, అడుగు వరసని ఫ్లోర్ వాటానికి తగ్గట్టు చివర్లో కోస్తారు. తలుపు తీయగానే కనబడే గోడ మీద నిండు టైల్స్, కోత ముక్కలన్నీ తలుపు వెనక మూలకి. ఫ్లోర్ సందులకి ఎపాక్సీ (రెజిన్) గ్రౌట్, గోడలకి మామూలు గ్రౌట్ చాలు. రంగంటారా, బోరు నీళ్ల ఊళ్లో నల్ల టైల్ మాత్రం వద్దు, రెండో రోజుకే తెల్ల చారలు.

కరెంటు

గీజర్ 2000 వాట్లు, అంటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. పాత బాత్రూమ్ బల్బుకి వేసిన అల్యూమినియం వైరు మీద దాన్ని పెట్టొద్దు. బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల ప్లగ్గు, స్విచ్ గది బయట. ఆ కాలం ఇళ్లలో చాలా వాటికి ఎర్త్ వైరు ప్లగ్గు దాకా రాదు, మూడో కన్ను ఊరికే ఉంటుంది. టెస్టర్‌తో ఎలక్ట్రీషియన్ చేత చూపించి, 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) పెట్టించండి. దాని సంగతి వాయిదా వెయ్యొద్దు. వెంటిలేటర్‌లో 6 ఇంచుల ఎగ్జాస్ట్ ఫ్యాన్, తలుపు కింద అర ఇంచు సందు, లేకపోతే ఫ్యాన్ తిరుగుతుంది గానీ గాలి కదలదు.

బిగింపులు, లెక్కలు

కమోడ్‌ని సిమెంటుతో పాతేస్తామంటారు, స్క్రూలూ సిలికానూ అడగండి. రేపు తియ్యాల్సొస్తే పగలగొట్టక్కర్లేదు. బిగించాక ఒక రోజు వాడొద్దు. పట్టుకునే రాడ్ ఎక్కడుండాలో కొలత పుస్తకంలో చూడకుండా, అత్తయ్యగారిని కమోడ్ మీద కూచోబెట్టి, ఆవిడ లేవడానికి చెయ్యి ఎక్కడికి చాస్తారో అక్కడే పెన్సిల్ గుర్తు పెట్టాం. అది తొమ్మిదించుల గోడ కావడం అదృష్టం, సన్న గోడైతే బోల్టులకి పట్టు దొరకదు.

మాకు పైది రెండోసారి 24 రోజులు పట్టింది, అందులో వారం పైగా ఎండడానికీ నీళ్ల టెస్టులకీ పోయింది. కిందది 17. మేస్త్రీకి డబ్బులు పని దశని బట్టి ఇవ్వండి, పగలగొట్టాక కొంత, నీళ్ల టెస్టు నిలిచాక కొంత, టైల్స్ అయ్యాక కొంత, చివరి ముక్క మాత్రం వారం రోజులు స్నానాలు చేసి, కింద సీలింగ్ చూసుకున్నాకే. ఇది మొదటి రోజే చెప్పేస్తే ఎవరూ బాధపడరు, మధ్యలో చెప్తే గొడవ.

మిగిలిన టైల్స్ రెండు డబ్బాలు ఎవరికీ ఇచ్చెయ్యకండి. ఆ బ్యాచ్ మళ్లీ దొరకదు. మావి మేడ మెట్ల కింద ఉన్నాయి, డబ్బా మీద స్కెచ్ పెన్నుతో "పై బాత్రూమ్ గోడ" అని రాసి, పైపుల ఫోటోల ప్రింట్లు ఒక కవర్లో పెట్టి దాని మీదే అంటించాను.